‘ఉయ్యాలో’ కూడా వాళ్లే పాడేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

చిక్కడపల్లి వైపు ఒక హాల్లో జరిగిన బృందగానం గురించి మీ లేఖల పేజీలో వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మొదట రాసిన విశ్రాంత అధ్యాపకులు గారు బతుకమ్మ పాటను నాలుగు గొంతులుగా చీల్చి చర్చి పాట చేశారని కోప్పడ్డారు. దానికి జవాబు రాసిన యువకుడు, ఈ కాలం పిల్లల చెవిన పడేలా పాడినందుకు మెచ్చుకోవాలి గాని తిడతారా అన్నాడు. తరువాత అటు కొందరు, ఇటు కొందరు చేరారు. వీళ్లందరూ ఆ రోజు వేదిక వైపు చూస్తూ కూర్చున్నవాళ్లు. నేను అందరి వెనక, సౌండ్ మిక్సర్ దగ్గర నిలబడ్డవాణ్ణి. మైక్‌సెట్ నా వృత్తి. ముషీరాబాద్‌లో మా నాన్న పెట్టిన దుకాణం నేను నడుపుతున్నాను. పాట ఎవరికి ఎక్కిందో, ఎవరికి ఎక్కలేదో తలలు చూసి చెప్పడం మా పనిలో సగం. అందుకే నేను చూసింది కూడా రాద్దామనిపించింది.

పాడినవాళ్లు ముప్పై మంది దాకా ఉంటారు. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వాళ్లు, సికింద్రాబాద్ చర్చి కాయిర్లలో పెరిగినవాళ్లు కొందరు, సంగీతం టీచర్లు ఇద్దరు ముగ్గురు. కాయిర్ అంటే మనిషికో మైకు ఇచ్చేది కాదు. ముందు ఎత్తుగా, దూరం నుంచి కూడా సన్నటి శబ్దాన్ని పట్టే కండెన్సర్ మైకులు కొన్ని పెట్టి, గొంతులన్నీ గాలిలో కలిశాక పట్టుకోవాలి. పాడేవాళ్లకూ మైకుకూ మధ్య ఎంత దూరం ఉంటే, ఒక మైకుకూ ఇంకో మైకుకూ మధ్య దానికి మూడింతలు ఉండాలని నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పేవాడు. దగ్గర దగ్గరగా పెడితే ఒకే గొంతు రెండు మైకుల్లో ముందు వెనకలుగా పడి పల్చబడిపోతుంది. ఈ మైకులతో ఇంకో చిక్కు ఉంది. కాస్త పెంచామంటే ఫ్యాన్ చప్పుడు, దగ్గు, ముందు వరసలో చాక్లెట్ కాగితం విప్పే చప్పుడు కూడా ఎక్కేస్తాయి. కాబట్టి ఆ రోజు హెడ్‌ఫోన్‌లో నేను వేదికతో పాటు సభనూ వింటూనే ఉన్నాను.

పాట మన ఊళ్లలో అందరికీ తెలిసిన బాణీయే. పాదం చివర ‘ఉయ్యాలో’ వచ్చే పాత కథ పాట. మొదటి చరణం ఒకే అమ్మాయి పాడింది, వెనక వాయిద్యం లేదు. రెండో చరణానికి ఆడవాళ్ల పై గొంతులు బాణీ అందుకున్నాయి. మగవాళ్లు కింది స్థాయిలో ‘ఉయ్యాలో’ ఒక్కదాన్నే ఒకే స్వరం మీద సాగదీసి శ్రుతిగా పట్టుకున్నారు. మధ్య గొంతులవాళ్లు అదే పాదాన్ని ఒక అడుగు వెనక నుంచి అందుకున్నారు. నాలుగైదు స్వరాల్లోనే తిరిగే చిన్న బాణీ అది. దాన్ని ఇలా పేర్చవచ్చని నాకు తట్టేది కాదు. శ్రుతి ఎక్కడా జారలేదు. ఇది నేను మొహమాటానికి అనడం లేదు. శ్రుతి జారే బృందాలకు నేను ఎంత ఎకో కలిపి కప్పెడతానో నాకే తెలుసు. వీళ్లకు ఆ అవసరం రాలేదు.

ఇక సభ సంగతి.

మొదటి చరణం సగంలో ఉండగా నాలుగో వరస చివరి సీట్లో ఒక పెద్దామె చప్పట్లు మొదలుపెట్టింది. పాట అయ్యాక కొట్టే చప్పట్లు కావు అవి. ముందుకు వంగి కిందికి ఒకటి, లేచి పైకి ఒకటి, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు కొట్టేవి. సీట్లో కూర్చునే వంగుతోంది, లేస్తోంది. పక్కన ఇద్దరు, వెనక వరసలో ఒకామె కలిశారు. పాదం చివరకు వచ్చేసరికి ‘ఉయ్యాలో’ అని సన్నగా వాళ్ల గొంతులు కూడా నా హెడ్‌ఫోన్‌లోకి వచ్చాయి. పెద్దామె పక్కన కొడుకో అల్లుడో గాని ఒకతను ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. అదే సమయంలో బృందాన్ని నడిపిస్తున్నాయన వెనక్కి తిరగకుండానే ఎడమ అరచేయి సభ వైపు చాపి, వద్దు అన్నట్టు మెల్లగా ఆడించాడు. చప్పట్లు ఆగిపోయాయి. నోళ్లూ ఆగిపోయాయి. పాట అయ్యేదాకా ఆ ఆడవాళ్లు అతిథుల్లా కూర్చున్నారు.

రెండో చరణం అయ్యేసరికి బాల్కనీలో కుర్రాళ్ల ఫోన్లు పైకి లేచాయి. మగవాళ్ల కింది గొంతు కలిసినప్పుడు ఒక ఈల కూడా పడింది. అదే చోట అధ్యాపకులు గారు లేచి వెళ్లిపోయారు. (ఆయనే అని తరువాత ఉత్తరం చదివితే అర్థమైంది. లేచి వెళ్లింది ఆయన ఒక్కరే.) ఇంకో పక్క ఒక అమ్మాయి కళ్లు తుడుచుకోవడం చూశాను. పాట అయ్యాక ఐదారుగురు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాలుగో వరసవాళ్లు కూడా కొట్టారు, మర్యాదకు.

విరామంలో కేబుళ్లు సర్దుకుంటూ టీ దగ్గర విన్నవి ఇవి. శ్రీకాకుళం నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డాయన ఒకరు, “టీవీలో ముక్కలు ముక్కలుగా తప్ప ఈ పాట ఎప్పుడూ మొత్తం వినలేదండీ, ఇందులో ఇంత కథ ఉందని ఈరోజే తెలిసింది” అన్నారు. కర్ణాటక సంగీతం చెప్పే టీచరమ్మకు ఒకటే ఫిర్యాదు: ‘య్య’ వత్తు మింగేసి ‘ఊయాలో’ అంటున్నారని. నిజమే, ఇంగ్లిష్ పాటల అలవాటు ఉన్న నోళ్లు గుండ్రంగా తెరుచుకుంటాయి, మన వత్తులు జారిపోతాయి. ఒక పెద్దమనిషి మరీ మొహమాటం లేకుండా, “చావింట్లో పాడినట్టుంది” అన్నారు. దానికి కారణం నాకు తెలుసు. బయట ఈ పాట వేగాన్ని కాళ్లు నిర్ణయిస్తాయి. అడుగు వేస్తూ పాడేవాళ్లకు పాదాన్ని సాగదీసే వీలుండదు. నిలబడి, చేతిలో కాగితం పట్టుకుని పాడితే ఏ పాటైనా నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదికే ఒకరికి ఏడుపొచ్చింది, ఒకరికి చావు గుర్తొచ్చింది. పాట మాత్రం ఒకటే.

నాకు బాగా పట్టుకున్న మాట మాత్రం టీ పోసే ఆమె అన్నది. మహబూబ్‌నగర్ వైపు మనిషి. పక్క తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నది. ఎట్లుందమ్మా అని అడిగితే, “మంచిగనే పాడిన్రు అన్నా. గని పాట వాళ్లదే, ఉయ్యాలో వాళ్లదే అయితే మనమేం జెయ్యాలె?” అంది.

మీ పేజీలో వచ్చిన ఉత్తరాలన్నీ వదిలేసిన సంగతి ఇదే అనిపిస్తుంది నాకు. బతుకమ్మ పాటలో వినేవాళ్లంటూ వేరే ఉండరు. ఒకామె పాదం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని జవాబిస్తారు. ఆ జవాబు వచ్చే లోపల ముందామె ఊపిరి పీల్చుకుంటుంది, తరువాతి పాదం గుర్తు చేసుకుంటుంది, అవసరమైతే కొత్తది కట్టేస్తుంది. ధర్మాంగదుడు, సత్యవతి కథ ఎత్తుకున్నా, పుట్టింటి గుమ్మం గురించి ఎత్తుకున్నా, మధ్యలో ఎదురుగా ఉన్న వదిన మీద ఓ పాదం పడవచ్చు. అందుకే ఆ పాటకు ఇంత నిడివి అని ఉండదు. బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడు ఏమవుతాడో, ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్లు లేకపోతే ఎత్తుకునే ఆమె అదే అవుతుంది. ఆ పని చేసి పెరిగినవాళ్లు హాల్లోకి వచ్చి కూర్చుంటే, వాళ్ల పనిని కూడా వేదిక మీదివాళ్లే చేసేశారు. అందంగా చేశారు, అది వేరే సంగతి. ఆ పనితో పరిచయం లేని కుర్రాళ్లకు పోయిందేమీ లేదు, వాళ్లకు వచ్చిందే ఎక్కువ. కోపం వచ్చినవాళ్లూ, మురిసిపోయినవాళ్లూ ఒకే పాట మీద రెండు అభిప్రాయాలు చెబుతున్నారని మనం అనుకుంటున్నాం. నా లెక్కలో వాళ్లు రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నారు.

అధ్యాపకులు గారికి ఒక మనవి. సార్, మీరూ నేనూ మగవాళ్లం. నగరంలో ఇప్పుడు కొందరు మగవాళ్లు కూడా చప్పట్లు కలుపుతున్నారు గాని, మన కాలంలో ఆ వలయంలోకి మనల్ని రానిచ్చేవాళ్లు కాదు. ఆ పాట మీరు అరుగు మీద కూర్చుని విని ఉంటారు, నేను బాక్సుల వెనక నిలబడి విన్నాను. ‘అసలు పాట ఇలా ఉండదు’ అని తీర్పు చెప్పే ముందు నాలుగో వరస ఆమెను అడిగి ఉంటే బాగుండేది. ఆమెకు నాలుగు గొంతులతో పేచీ ఉన్నట్టు నాకు కనిపించలేదు. మొదటి చరణంలో ఆమె మొహం చూడాల్సింది మీరు.

ఇంకొకటి. ‘చర్చి పాట’ అనే మాట తిట్టులా ఎందుకు వాడాలో నాకు అర్థం కాదు. డిసెంబరు వస్తే నాకు సగం పని సికింద్రాబాద్ చర్చిల్లోనే. అక్కడి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. మెదక్ కెథడ్రల్‌ను 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. నాలుగు గొంతులుగా పాడటం ఈ నేల మీద తరాలుగా ఉన్న విద్య. మారేడ్‌పల్లిలో, తార్నాకలో తెలుగు తప్ప ఇంకో భాష సరిగా రాని పెద్దాళ్లు కూడా కింది గొంతు ఎలా పట్టాలో చెబుతారు. పోనీ, తెలుగు క్రైస్తవులు పాడే పాటలన్నీ విదేశీ బాణీలా? పురుషోత్తమ చౌధరి గారు పందొమ్మిదో శతాబ్దంలో రాసిన కీర్తనలు మన రాగాల్లోనే నడుస్తాయి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. జవాబు రాసిన యువకుడు హంగేరీలో బార్టోక్, కొడాయ్ అనే ఇద్దరు ఊరూరా తిరిగి జానపదాలు సేకరించి కాయిర్లకు రాశారని ఉదాహరణ ఇచ్చాడు. అంత దూరం పోనక్కర లేదు బాబూ. మన చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ గారు 1970ల మొదట్లోనే మద్రాసులో యువకుల బృందం పెట్టి భారతీయ భాషల పాటలను ఇలా పాడించారు. బడి పిల్లల చేత, వేలమంది చేత ఒకేసారి పాడించడం కూడా ఆయనకు ఇష్టమైన పని. ఆయనకు జనం అంటే వినేవాళ్లు మాత్రమే కాదు. నువ్వు మెచ్చుకున్న బృందం ఆయన నుంచి గొంతులు పేర్చడం నేర్చుకుంది, జనం చేత పాడించడం ఇంకా నేర్చుకోవాలి.

సంప్రదాయం పాడైపోయిందని బాధపడేవాళ్లు నా దుకాణానికి రావాలి. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాక, పండుగ మొదలయ్యే పెత్రమాస నుంచి చివరి రోజు సద్దుల దాకా నాకు నిద్ర ఉండదు. ప్రతి కాలనీకీ బాక్సులు కావాలి, ‘బేస్ గట్టిగా ఉండాలన్నా’ అని అడుగుతారు. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తంగేడు, గునుగు, బంతి తెచ్చి ఎంతో శ్రద్ధగా పేరుస్తారు. తరువాత పెన్‌డ్రైవ్ పెడతారు. ఎవరో గాయని గొంతు, వెనక డప్పులు, కీబోర్డు. ఎత్తుకునేదీ రికార్డే, జవాబు చెప్పేదీ రికార్డే. పట్టు చీరల్లో వంద మంది చుట్టూ తిరుగుతారు, ఒక్కరి నోరూ కదలదు. కదిలినా పక్క మనిషికి వినపడదు, నా బాక్సులు అలాంటివి. దీని మీద ఇప్పటిదాకా మీ పేజీలో ఒక్క ఉత్తరం నేను చూడలేదు. రాత్రి పది దాటాక శబ్దం ఆపలేదని మాత్రం వస్తుంటాయి, అది చట్టం, సరే. హాల్లో ముప్పై మంది పిల్లలు నోటితో పాడితే సంప్రదాయం పోయింది, వీధిలో వంద మంది నోరు మూసుకుని తిరిగితే ఉంది. ఇదెక్కడి లెక్కో నాకు తెలియదు.

రాంనగర్ వైపు ఒక కాలనీలో మాత్రం వేరేగా జరిగింది. అక్కడ ఒక పెద్దామెకు పాటలు బాగా వచ్చు, ఆమె చేతే పాడిద్దామనుకున్నారు. మైకు చేతికిస్తే, “ఇది పట్టుకుంటే చప్పట్లు ఎట్ల కొడుతరు నాయనా?” అని తిరిగి ఇచ్చేసింది. కొంగుకు కాలర్ మైకు తగిలించాను. అప్పుడు ఆమె గొంతు ఒక్కటే రెండు బాక్సుల్లోంచి వీధంతా వినపడింది. జవాబు చెప్పే ఇరవై ముప్పై మంది గొంతులు అందులో మునిగిపోయాయి. రెండు పాటలు అయ్యేసరికి వాళ్లు జవాబు చెప్పడం మానేశారు. చెప్పినా చెప్పకపోయినా ఒకటే అనిపిస్తే ఎవరైనా మానేస్తారు. కాలర్ మైకు తీసేసి, వలయం మధ్యలో బతుకమ్మల పక్కన పొట్టి స్టాండు మీద ఒక మైకు నిలబెట్టాను. బాక్సులను వలయానికి దూరంగా జరిపి బయటి వైపుకు తిప్పాను. లేకపోతే కూత పెడతాయి. ఇప్పుడు ఎత్తుకునే ఆమె దగ్గరికి వచ్చినప్పుడు ఆమె గొంతు, దాటినప్పుడు వేరేవాళ్లది, ‘ఉయ్యాలో’ మాత్రం అందరిదీ. రికార్డింగ్‌కు పనికొచ్చే శబ్దం కాదు. గొంతులు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, శ్రుతి ఇంచుమించుగా ఉంటుంది. కానీ పక్క వీధి నుంచి ఆడవాళ్లు వచ్చి కలిశారు.

హాల్లో ఇది కుదరదా? బృందం నడిపించేవాళ్ల వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. ఆయన అరచేయి ఆడించింది గర్వంతో కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేదిక నుంచి వెనక సీట్లకు 30 మీటర్లు ఉంటే పాట అక్కడికి చేరడానికే దాదాపు సెకనులో పదో వంతు పడుతుంది, అక్కడి చప్పట్లు వేదికకు తిరిగి రావడానికి ఇంకో పదో వంతు. వెనకవాళ్లు తమ చెవికి సరిగ్గా తాళం వేస్తున్నా వేదిక మీద అది వెనకబడి వినిపిస్తుంది. పాడేవాళ్లు దాన్ని పట్టుకుంటే పాట ఈడ్చుకుపోతుంది, వదిలేస్తే గందరగోళం. వలయంలో ఎదురెదురు ఆడవాళ్ల మధ్య దూరం నాలుగైదు మీటర్లే కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కాబట్టి సభ మొత్తం చప్పట్లు కొట్టాలని నేను అనను. ‘ఉయ్యాలో’ సంగతి వేరు. అది పాదం అయ్యాక వచ్చేది, కాస్త వెనకబడి వచ్చినా ఊళ్లో ఎప్పుడూ అలాగే వస్తుంది. చివరివాళ్ల నోట్లో అది ఇంకా పూర్తి కాకముందే ముందామె తరువాతి పాదం ఎత్తుకోవడం కూడా మామూలే.

బృందంవాళ్లు తమ అమరిక ఏదీ మార్చనక్కర లేదు. నాలుగు గొంతులూ ఉండనివ్వండి, మగవాళ్ల శ్రుతి ఉండనివ్వండి, నాకది నచ్చింది. చివరి రెండు చరణాల్లో మాత్రం పాదం పాడి ఆగండి. సభలో దీపాలు ఆర్పేయకండి, ఒకరి మొహం ఒకరికి కనపడితే తప్ప మనవాళ్లు నోరు విప్పరు. మొదటిసారి నలుగురే అంటారు. రెండోసారి నలభై మంది అంటారు. ఒకవేళ ఎవరూ అనకపోతే, మీ మధ్య గొంతులవాళ్లు ఎలాగూ ఉన్నారు. వేగం కొంచెం పెంచి పాడితే ఆ చావు పాట మాట కూడా పడాల్సిన పని ఉండదు. ‘య్య’ వత్తు సంగతి టీచరమ్మ గారు చూసుకుంటారు.

ఈ బృందమే దసరా ముందు ఇదే పాటను మళ్లీ పాడబోతోంది, మైకు పని నాకే చెప్పారు. సభ వైపు తిప్పి రెండు మైకులు పెడతాను, అందులో వచ్చిందాన్ని వేదిక మీదివాళ్లకు కూడా మెల్లగా వినిపిస్తాను అని వాళ్ల డైరెక్టరు గారితో అన్నాను. రికార్డింగ్‌లో దగ్గులు పడతాయేమోనని ఆయన టెన్షన్. పడతాయి, పడనివ్వండి అన్నాను. ఆలోచించి చెబుతానన్నారు. ఈ ఉత్తరం అచ్చయితే ఆయన కూడా చదువుతారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను: ఆ రెండు మైకులకు కిరాయి తీసుకోను.

ఇట్లు,
మైక్‌సెట్ దుకాణదారు,
ముషీరాబాద్, హైదరాబాద్.